మూడో ముక్క

"పూలు, దేవుళ్లు, శుభోదయాలు. పొద్దుగాల లేచిన కాడికెల్లి గదే పని. ఫోను నిండక ఏం జేస్తది?" అన్నాడు సంపత్, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

"నేను ఎవ్వలకు ఏం పంపలే" అంది భూమవ్వ. "వస్తయి, చూస్త, తుడిచేస్త. నా పోరనియి తప్ప అండ్ల ఏం లెవ్వు."

"గా పోరనియే ఎక్కువైనయి అంటున్న. రొట్టె చేసుడు, బస్సుల పోవుడు, మల్ల రొట్టె చేసుడు. ఒక్కటే తీర్గవి ఎన్నుంచుకుంటవ్? సగం తీసెయ్యి."

"నీ తమ్ముడు ఒక్కటే తీర్గ ఉంటడు మరి. సచ్చినోడు కొత్తగ ఏం జేస్తడు?"

సంపత్ పచ్చడి వైపు చెయ్యి చాపి ఆగిపోయాడు. పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలు నవత గరిటెతో గిన్నె అంచును గీకింది. గీకడానికి గిన్నెలో ఏమీ లేదు.

అరుణ్ గల్ఫ్‌లో పరంజా కూలిపోవడంతో చనిపోయాడు. పెట్టె ఇంటికి వచ్చింది, మొఖం చూపించలేదు. తల్లికి మిగిలింది అతను క్యాంపు గదిలోంచి పంపిన వీడియోలే. ఫోన్ బరువైందని సందు చివర మొబైల్ షాపు హనుమండ్లు వాటిని పైన క్లౌడ్‌లోకి ఎక్కించి, కింద ఫోన్‌లో తుడిచేశాడు. ఇప్పుడా పైన కూడా నిండిందని రోజూ ఎర్ర అక్షరాల్లో వస్తోంది.

"తీసేసుడెందుకు డాడీ" అంది రుచిత, జడ అల్లుకుంటూ. "మనింట్ల అందరికీ ఖాతాలున్నయి. నాకొక్కదానికే మూడు. అన్ని కలిపి, ఒక్కో వీడియో రెండు మూడు చోట్ల పెడితే అయిపాయె. ఒక కంపెనీ మూతపడ్డా ఇంకోదాంట్ల ఉంటది. హనుమండ్లన్న నాయినమ్మ ఫోన్ల 'ముల్లె' యాప్ ఏసింది గందుకే. కాని గది ఏసినంక ఇంకా జల్ది నిండింది. సొంతంగ చేస్కుందాం అమ్మా అంటే, అమ్మ ఆదివారం అంటది. ఏ ఆదివారమో చెప్పదు."

"ఈ ఆదివారం" అంది నవత.

"దినమంత కంప్యూటర్ ముందల కూసుంటది. ఇంట్ల ఫోను చూడమంటె టైముండదు" అన్నాడు సంపత్.

భూమవ్వ ఎవరి మాటా వినడం లేదు. ఫోన్‌ను చెంబుకు ఆనించి నిలబెట్టింది. తెర మీద అరుణ్ పిండి చేతులతో నవ్వుతున్నాడు. "అవ్వా, గుండ్రంగ వచ్చింది సూడు. నువ్వు అన్నం తిన్నవా?" ఆ ప్రశ్న వచ్చాకే భూమవ్వ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. రోజూ అంతే. "తింటున్న కొడుకా" అని జవాబు కూడా చెబుతుంది.

ఆమె తినడం అయ్యాక నవత ఫోన్ తీసి చూసింది. ఒక్కో వీడియో ఉండాల్సిన దానికి మూడింతల బరువుంది. ఎందుకుందో ఆలోచించబోయేలోపు ఆమె సొంత ఫోన్ కొంగు చాటున వణికింది. మెసేజ్: మక్కలు వచ్చినయి.

ఇంటివాళ్లకు నవత ఒక బీమా ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. ఢిల్లీలో పేరు లేని ఒక బ్యూరో రికార్డుల్లో మాత్రం ఆమె ఫీల్డ్ ఏజెంట్, కోడ్ నేమ్ 'గటుక', మక్కజొన్న రవ్వతో వండే అన్నం పేరు. పెళ్లికి ముందే చేరింది. చెప్పకూడదని సంతకం పెట్టింది, చెప్పలేదు. భర్త ఎత్తిపొడుపులన్నీ ఆ సంతకం ఖాతాలోనే జమ అవుతూ వచ్చాయి.

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని బయల్దేరింది. పై గిన్నెలో నిజంగానే పెరుగన్నం. అడుగు గిన్నెలో సిగ్నల్ స్కానర్.

పాత బజారులో ఆ పిండిగిర్ని ముందు గదిలో జొన్నలు, మక్కలు, కారం పడతారు. వెనక గదిలో బ్యూరో కూర్చుంటుంది. గిర్ని తిరుగుతున్నంతసేపు ఏ మైక్‌కూ లోపలి మాట చిక్కదు.

"రొట్టెకా, గటుకకా?" అని అడిగాడు గిర్ని గంగయ్య.

"కోళ్లకు" అంది నవత.

గంగయ్య బెల్టు వేశాడు. గోడలు అదిరాయి. లోపల లింగారావు కళ్లద్దాల మీది పిండిని కండువాతో తుడుచుకుంటున్నాడు. ఆయన హ్యాండ్లర్. ఊళ్లో పాత దొరల ఇంటి పెద్దమనిషి, పైకి బీమా ఏజెంట్.

"ఇంజనీరు పోయిండు" అన్నాడు. "మంచిర్యాల లాడ్జిల. గుండెపోటు అని రాసిన్రు. చెవి ఎనుక సూది గుర్తుంది."

"గేట్ల సాఫ్ట్‌వేర్ రాసినాయనా సార్?"

"ఆయనే. కూసో. ఇప్పటిదాక నీకు సగమే చెప్పిన. మిగతా సగం ఇను."

విదేశీ ముఠా. బ్యూరో పెట్టుకున్న పేరు 'కొంగ'. గోదావరి మీద ఒక బ్యారేజీ గేట్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఇంజనీరు చేతనే దొంగిలించి, అతన్ని చంపేసింది. ఫైలును అయిదు ముక్కలు చేసి అయిదు వేర్వేరు క్లౌడ్ కంపెనీల్లో, అయిదుగురు అమాయకుల ఖాతాల్లో దాచింది.

"అయిదింట్ల ఏ మూడు దొరికినా ఫైలు మొత్తం తయారైతది" అన్నాడు లింగారావు. "రెండు పోయినా వాళ్లకు ఫికర్ లేదు. గట్ల కట్టిన్రు. రెండు నువ్వు తీసేసినవ్. ఒకటి ఆదిలాబాద్‌ల, ఒకటి కాగజ్‌నగర్‌ల. ఇంకొక్కటి పోతె వాళ్లకు మిగిలేది రెండు. పనికిరావు."

"కంపెనీలకు రాస్తే?"

"రాసినం. జవాబు వచ్చేసరికి వానాకాలం ఒడుస్తది."

ఇవాళ సాయంత్రం ఆరింటికి కొనేవాడు ఫైలును కూడగడతాడు. పైనంతా వర్షాలు, బ్యారేజీ నిండుగా ఉంది. రాత్రి గేట్లన్నీ ఒక్కసారి లేస్తే లక్సెట్టిపేట వైపు ఒడ్డు ఊళ్లు నిద్రలోనే పోతాయి.

"మా ఆడబిడ్డ కోమలది లక్సెట్టిపేటనే సార్."

"ఎరికే."

మూడో ముక్క ఎక్కడుందో హర్షిణి చెబుతుంది. కొంగ లోపల బ్యూరోకున్న మనిషి. మొదటి రెండు ఖాతాల పేర్లూ పంపింది ఆమే. ఈసారి ఎదురుపడి చెబుతానంది. వేములవాడలో, కోడె మొక్కు తిరిగే చోట.

లేవబోతూ నవత ఆగింది. "ఆదిలాబాద్ గంగుబాయి సంగతి రిపోర్టుల నష్టం ఏం లేదని రాసిన సార్."

"మరి?"

"ఏం లేదు."

ఆదిలాబాద్‌లో ఆమె కంపెనీ టెక్నీషియన్ వేషంలో పోయింది. నీలం చొక్కా, మెడలో కార్డు. గంగుబాయి తన ఫోన్‌కు వచ్చిన అంకెలు తనే చదివి చెప్పి, చాయ్ కూడా పెట్టింది. పని అయ్యాక గుమ్మం దాకా వచ్చి, "బాయీ, మా పోరగాడు మల్ల ఎప్పుడు కనబడ్తడు?" అని అడిగింది. ఫోటోలేవో ఉన్నాయేమోననుకుంది నవత. "సర్వర్ బాగైతే వస్తయి" అని చెప్పి జీపెక్కింది. అంతకంటే ఆలోచించలేదు. ఆలోచించడం అసైన్‌మెంట్‌లో లేదు.

వేములవాడలో ఎండ, వాన రెండూ ఉన్నాయి. నవత మొఖానికి పసుపు రాసుకుని, పాత నేత చీర చుట్టుకుని, టికెట్ తీసుకుని కోడె పగ్గం పట్టుకుంది. రాజన్న గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేస్తే మొక్కు తీరినట్టు. ఆ రద్దీలో ఎవరు ఎవరి పక్కన నడిచినా అడిగేవాళ్లు ఉండరు.

రెండో మలుపు దగ్గర ఇంకో కోడె పక్కకు వచ్చింది. పగ్గం పట్టుకున్న చేతికి ఎర్ర గోళ్లు. గంధం రంగు పట్టుచీర, నల్ల అద్దాలు, కోడె కంటే ముందే మనిషి వచ్చినట్టు తెలిసేంత సెంటు. పూజారి కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"మీ కోడె పొడుస్తదా అక్కా?"

"పొడవది. తొక్కుతది" అంది నవత. "సెంటు తక్కువ కొట్టుకుంటే అయిపోతుండె."

"అందరూ నన్నే చూస్తే నా పక్కనున్న మిమ్మల్ని ఎవరూ చూడరు. ఇదే నా గ్యాడ్జెట్" అంది హర్షిణి. "నేనెవరో లింగారావు సార్ మొత్తం చెప్పలేదు కదా? ఒక యాప్ కంపెనీకి సీఈఓను. అందరి క్లౌడ్‌లూ కలిపి ఒక్కటిగా చేసే యాప్. దాని పేరు ముల్లె."

నవత చేతిలో పగ్గం బిగిసింది. కోడె తల విదిల్చింది.

"జనానికి మంచిదే అక్కా. నాలుగు చోట్ల కాపీ, ఒకటి పోయినా మూడు ఉంటాయి, పాస్‌వర్డ్‌ల పరేషాన్ లేదు. దాని లోపల కొంగ వాళ్లకు ఒక దారి ఇచ్చాను. ఎవరి ఖాతాలో దాచాలన్నది నా ఐడియానే. ఖాతా ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకసారి ఫైళ్లు తుడిచేస్తారు, అదీ రిస్క్. తుడవనివాళ్లు ఎవరు? ఏ ఫైలుకు ఎవరు చేయి పెట్టరు?"

నవత కోడెను మలుపు తిప్పింది.

"కొడుకు చనిపోయిన తల్లి" అంది హర్షిణి. "ఆమె వీడియో లోపల ముక్కను కుట్టేస్తే చాలు. ప్రాణం పోయినా తీయదు. దానికంటే నమ్మకమైన డిస్క్ ఏ కంపెనీ తయారు చేయలేదు. మన దగ్గర గల్ఫ్ ఇళ్లకు కరువా? పైగా ఇక్కడ మొబైల్ షాపు వాళ్లే అందరికీ ఖాతాలు తెరుస్తారు. మరిచిపోతారని అందరికీ ఒకటే పాస్‌వర్డు, రికవరీకి షాపువాడి నంబరు. వాడికి కమీషన్ ఇస్తే సందు మొత్తం మనదే. వాడికి కూడా ఏం తెలియదు, పాపం."

"మూడో ఖాతా ఎవరిది?"

"కరీంనగర్. హనుమండ్లు అని ఒకతని షాపు. ఖాతా పేరు భూమవ్వ." హర్షిణి అద్దాలు తీసింది. కళ్లు అందంగానే ఉన్నాయి. "మీ ఇల్లు అని నాకు నిన్ననే తెలిసింది. అందుకే స్వయంగా వచ్చాను."

"కాపీ తీసుకుంట. తర్వాత తీసేస్త."

"ఒక్క వీడియో దింపినా ముల్లె పసిగట్టి ముక్కను ఇంకో తల్లి దగ్గరికి పంపేస్తుంది. దాని గొప్ప అదే కదా. వీడియో ఒక్కటే తుడిస్తే చెత్తబుట్టలోంచి మళ్లీ తీసుకుంటుంది. చూడొచ్చు, ఆమె రోజూ చూస్తూనే ఉంది. తీయాలంటే మాత్రం ఖాతా మొత్తం పోవాలి."

కోడెను కట్టేసే చోటు వచ్చింది.

"ఇంకోటి అక్కా. ఆరింటికి కాదు, నాలుగింటికి. కొనేవాళ్లకు తొందరపడమని నేనే చెప్పాను. మీకు చోటు చెప్పాను, వాళ్లకు టైమ్ చెప్పాను. ఎవరు గెలిచినా రేపు నేను ఉండాలి కదా."

ఆమె కోడెను కట్టేసి, దణ్ణం పెట్టుకుని, ప్రసాదం కౌంటర్ వైపు నడిచింది. ఆపే అధికారం నవతకు లేదు. టైమ్ మూడు దాటింది.

బ్యూరో జీపు కరీంనగర్ రోడ్డు మీద వానలో పరుగెత్తింది. దారిలో ఒక ఆలోచన వచ్చింది. వీడియో ఆడుతుంటే ఇంకో ఫోన్‌తో తెరను తీయొచ్చు. ఒక్కటైనా మిగులుతుంది. రుచితకు ఫోన్ చేసింది. కాలేజీలో ఉంది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. సంపత్‌కు చేస్తే, "పొలం కాడున్న, ఏంది?" అన్నాడు. ఏమని చెప్పాలి? "ఏం లేదు" అని పెట్టేసింది.

టిఫిన్ డబ్బా అడుగు గిన్నె తెరిచింది. స్కానర్ తెర మీద గీత కదలడం మొదలైంది. కొనేవాడు ముందే కూర్చున్నాడు. రెండు ముక్కలు వాడి చేతికి చేరిపోయాయి. మూడోది సగం దాటింది.

ఇంట్లో భూమవ్వ గోడకు ఆనుకుని, పళ్లెం ముందు పెట్టుకుని ఉంది. మధ్యాహ్నం ఆకలి లేదని ఇప్పుడు కూర్చుంది. ఫోన్ చెంబుకు ఆనించి ఉంది. అరుణ్ రొట్టెను తిప్పుతున్నాడు.

"అత్తమ్మా, ఫోన్ ఒకసారి ఇయ్యి."

"ఆగు బిడ్డా. తిన్నవా అని అడిగేది అయిపోనియ్యి."

"అవ్వా, గుండ్రంగ వచ్చింది" అన్నాడు అరుణ్.

నవత ఫోన్ లాక్కుంది. చెంబు పడింది, నీళ్లు పళ్లెంలోకి వచ్చాయి. "నవతా" అంది భూమవ్వ, కోపంగా కూడా కాదు, అర్థంకానట్టు. నవత వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది.

ఖాతా తొలగించు. పాస్‌వర్డు సందులో అందరిదీ ఒకటే, వెంటనే పట్టింది. తర్వాత తెర అడిగింది: రికవరీ నంబరుకు పంపిన కోడ్ కొట్టండి. ఆ నంబరు హనుమండ్లుది. నవత తన ఫోన్‌తో అతనికి చేసింది.

"అక్కా, నేనే ఫోన్ చేద్దామనుకున్న" అన్నాడు హనుమండ్లు ఫోన్‌లో, నోట్లో పాన్‌తో. "ఏందో ఓటీపీ వచ్చింది. భూమవ్వ ఖాతా తీసేస్తున్రట. దొంగలక్కా, కోడ్ ఎవ్వలకు చెప్ప."

"నేనే. కోడ్ చెప్పు."

"నువ్వా? ఎందుకక్కా? అండ్ల అరుణ్‌గాని వీడియోలున్నయి గదా. స్టోరేజ్ నిండితే ముల్లె ఉంది గదా, నేనొచ్చి..."

"హనుమండ్లూ. కోడ్."

"చెప్త, చెప్త. ఏడు. రెండు. తర్వాత... నా ఫోన్ తెర పగిలిందక్కా, అందరియి బాగుచేసుడే గాని నాది చేసుకునుడు కాదు. మూడో, ఎనిమిదో."

స్కానర్ గీత చివరికి వేలెడు దూరంలో ఉంది. నవత మూడు కొట్టింది. మిగతా అంకెలు కొట్టింది. తప్పు అంది తెర. ఇంకొక్క అవకాశం ఉంది.

"ఎనిమిదేనా? పక్కాగ చూసి చెప్పు."

"జర ఆగు, ఎలుతుర్ల చూస్త... ఎనిమిదక్కా. ఎనిమిదే. కాని ఒక్కసారి భూమవ్వను అడుగరాదు?"

ఆమె కొట్టింది. 'ఇది వెనక్కి రాదు. ఖాయమేనా?' అని అడిగింది తెర. తలుపు అవతల భూమవ్వ పళ్లెం తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నవత వేలు నొక్కింది.

డబ్బాలో గీత చివరి అంచు దాకా వచ్చి ఆగింది. తర్వాత వెనక్కి జారి, ఆరిపోయింది. ఎక్కడో ఏ హోటల్ గదిలోనో ఒకడు పనికిరాని రెండు ముక్కలు ముందు పెట్టుకుని కూర్చుని ఉంటాడు.

తలుపు తీసి ఫోన్ ఇచ్చింది. భూమవ్వ చెంబును మళ్లీ నిలబెట్టి, ఫోన్‌ను ఆనించి, ఎప్పుడూ నొక్కే చోటే నొక్కింది. మళ్లీ నొక్కింది.

"రాతలేడు" అంది.

రాత్రి అందరూ అన్నాలకు కూర్చునేసరికి సందు మొత్తానికి తెలిసిపోయింది. ఎవరో దొంగలు చేశారని చెప్పుకునే దారి కూడా లేదు. హనుమండ్లు సంపత్‌ను పట్టుకుని, "నవతక్క నా కాడ ఓటీపీ అడిగి మరీ తీసేసిందన్నా, నేను వద్దన్న" అని చెప్పి తన బరువు దించుకున్నాడు.

"ఎందుకు తీసినవ్?" అన్నాడు సంపత్. గొంతు పెంచలేదు. 

ఆ సంతకం ఇంకా ఉంది. "నిండింది గదా" అంది నవత. "పొద్దుగాల నువ్వే అన్నవ్."

"సగం అన్న. అవ్వను అడిగి తియ్యమన్న. నేను నోటితోటి అంట, అన్నీ అంట. నువ్వు చేసినవ్."

రుచిత తల్లి మొఖం చూడకుండా అంది: "నాకు రెండుసార్లు ఫోన్ చేసినవ్. గిది చెప్తందుకేనా?"

నవత రుచిత వైపు పచ్చడి జరిపింది. ఒళ్లో ఫోన్ వణికింది. లింగారావు. 'గటుక బాగుంది. హర్షిణి మన మనిషే, ముందు కూడా పనికొస్తది, ఆమె పేరు రాయకు. రిపోర్టు రాసి మూడు చోట్ల కాపీ పెట్టు. ఒక్కచోట ఉంచితే నమ్మకం లేదు.' ఆమె చదివి, నియమం ప్రకారం తుడిచేసింది. తుడవడం సులువుగానే అయింది.

భూమవ్వ పళ్లెంలో అన్నం అట్లాగే ఉంది. రుచిత తన ఫోన్ తీసి, అందులో బాబాయి ఫోటో ఒకటి పెట్టి చెంబుకు ఆనించబోయింది. భూమవ్వ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"ఫోటో అడగదు బిడ్డా" అంది.

చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. అందరినీ ఒకసారి చూసి, రేపు బియ్యం ఎన్ని నానబెట్టాలో చెప్పినట్టు చెప్పింది.

"రేపు నేను కోమల కాడికి పోత. ఇగ లక్సెట్టిపేటల్నే ఉంట. ఎవ్వల మీద కోపం లేదు. ఈ ఇంట్ల నాకు ముద్ద దిగది."

రుచిత ఏడ్చింది. సంపత్ చాలాసేపు పళ్లెంలో గీతలు గీశాడు. ఆపే మాటలన్నీ వెతికి, చివరికి చేతికి దొరికిన సాకు పట్టుకున్నాడు.

"గోదారి ఒడ్డు. నడి వానాకాలం. నీళ్లొస్తే ఏం జేస్తవే అవ్వా?"

"రావు" అంది నవత.

ఎట్ల ఎరికని ఎవరూ అడగలేదు. ఆమె మాట మీద ఆ ఇంట్లో ఇక ఎవరికీ నమ్మకం లేదు.